మూడంగుళాల తగాదా

ఎమర్జెన్సీ తలుపుకున్న రెండు రెక్కల్లో కుడిది ఎడమదాని కంటే అర అంగుళం కిందికి దిగింది, బిగించిన మనిషి ఎవరో గాని చేతికి నిలకడ లేదు, నా దగ్గర పనికి చేరి ఉంటే మొదటి పూటే ఇంటికి పంపేసేవాణ్ణి, అయినా ఇప్పుడు తలుపు వంకర సంగతి నాకెందుకు, ఆ తలుపు వెనక లాయరమ్మ పడుకుని ఉంది, పదమూడేళ్ళ పిల్ల, రెండు చేతులకీ గొట్టాలు, ఛాతీ మీద వైర్లు, నేనేమో మెడలో టేపుతో, చెవి మీద సుద్దముక్కతో, ఒక కాలు మాత్రమే కుట్టిన ఎవరిదో ప్యాంటు భుజాన వేసుకుని బయట ఇనప బెంచీ మీద కూర్చున్నాను. ప్యాంటు ఎందుకు తెచ్చానో నాకే తెలియదు, షాపులోంచి బయల్దేరేటప్పుడు చేతిలో ఏముందో అదే నాతో వచ్చినట్టుంది, కత్తెర లేనందుకు సంతోషించాలి. ఇందాక ఒకాయన నా మెడలో వేలాడేదాన్ని చూసి ఏమనుకున్నాడో, "డాక్టరుగారూ, ఎక్స్‌రే ఎటు?" అని అడిగాడు, నేను కూడా ఏ ధ్యాసలో ఉన్నానో "కుడివైపు" అని చెయ్యి చూపించాను, ఆయన వెళ్ళిపోయాక చూస్తే కుడివైపు ఉన్నది క్యాంటీను. పోనీలే, టీ తాగి వస్తాడు.

బెంచీ ఆరడుగులుంటుంది. ఈ చివర నేను, ఆ చివర లాయరమ్మ వాళ్ళమ్మ, లెక్కల టీచరు, మధ్యలో సంచిలో మడతపెట్టిన యూనిఫాం స్కర్టు, తగాదా అంతటికీ మూలం అదే. ఆవిడ నాతో మాట్లాడి గంట దాటింది. మా షాపు పై అంతస్తులోనే పన్నెండేళ్ళుగా వాళ్ళ కాపురం, ఆవిడ కోపం ఎంతుందో నన్ను పిలిచే పిలుపుని బట్టి కొలుచుకోవచ్చు, మామూలుగా "అన్నయ్యా", బట్టలు ఆలస్యమైతే "మాస్టారూ", కుట్టు తేడా వస్తే "టైలరు గారూ", ఇవాళ పొద్దున్న మాత్రం ఆ మెట్లన్నీ గబగబా దిగేసి "ఏవయ్యా" దాకా వచ్చింది. ఏవయ్యా! ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరూ అనని మాట, అదీ నలుగురు గిరాకీల ముందు. వాళ్ళాయన రైలు డ్రైవరు, ఇప్పుడు ఏ స్టేషనుకీ ఏ స్టేషనుకీ మధ్య ఇంజనులో ఉన్నాడో, ఫోను ఎత్తడు, ఎత్తకూడదు, ఆవిడ రెండు నిమిషాలకోసారి ఫోను తిప్పి చూసుకుని మళ్ళీ ఒళ్ళో బోర్లించుకుంటోంది, ఆ వేళ్ళ చివర ఇంకా సుద్ద ఉంది, నాదీ సుద్దే, ఆవిడదీ సుద్దే, ఆవిడది నల్లబల్ల మీద తుడిచేస్తే పోతుంది, నాది గుడ్డ మీద కత్తెర పడేదాకా ఉంటుంది.

ఇరవై ఏడు. బడి తెరిచే ముందు పిల్ల నడుం ఇరవై ఏడు అంగుళాలు, నా పుస్తకంలో రాసి ఉంది, ఆ రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే కొలత తీస్తున్నంతసేపూ వాదిస్తూనే ఉంది. లాయరమ్మ అన్న పేరు నేను పెట్టిందే, నాలుగేళ్ళప్పుడు "కదలకుండా నిలబడమ్మా" అంటే "కదలకపోతే ఊపిరెలా పీల్చాలి మామయ్యా?" అని అడిగింది, ఆ పూటే ఆ పేరు ఖాయం చేశాను. ఈసారి వాదన జేబుల గురించి, అబ్బాయిల ప్యాంట్లకి నాలుగు జేబులుండగా అమ్మాయిల స్కర్టుకి ఒక్కటీ ఎందుకు లేదు, ఇది ఎవరు పెట్టిన పద్ధతి, రాసిచ్చిన కాగితం ఉందా, నేను విసిగిపోయి "రెండు పెడతాను, ఊరుకో తల్లీ" అన్నాను. అదిగో ఆ స్కర్టే. ఆరు వారాలు తిరక్కుండా టీచరు వచ్చింది, "మాస్టారూ, నడుం దగ్గర వదులు కుట్టారు, పిల్ల చేత్తో పట్టుకుని నడుస్తోంది" అంది. వదులా? నేనా? మళ్ళీ కొలిచాను. ఇరవై అయిదున్నర. టేపు వంకా పిల్ల వంకా చూశాను, టేపు ఎప్పటిలాగే ఉంది, పిల్ల మాత్రం కటింగు బల్లకి ఆనుకుని మాట్లాడకుండా నిలబడింది, నా సీసాలో నీళ్ళు గటగటా తాగేసి, మా ఆవిడ సీసా కూడా తాగేసి, "ఇంకా ఉన్నాయా అత్తయ్యా?" అని అడిగింది. వాదించలేదు. ఒక్క మాట ఎదురాడలేదు. నేనేమనుకున్నాను? ఇన్నాళ్ళకి పిల్లకి బుద్ధి వచ్చింది అనుకున్నాను, సంతోషించాను కూడా, ఈ బుర్రని ఏ మేకుకి తగిలించాలి.

స్కర్టుకి అప్పటికి పిన్నీసు పెట్టి పంపేశాను, ఆ రోజునుంచి నా బతుకు పిల్ల గురించి గాక టేపు గురించి అయిపోయింది. మా ఆవిడ కాజాలు కుడుతూ తల ఎత్తకుండానే "కళ్ళజోడు మార్చు" అంది. మార్చాను. పక్కవీధి వడ్రంగి దగ్గరికెళ్ళి ఆయన స్టీలు స్కేలు మీద నా టేపు పరిచి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. అంతటితో ఊరుకుంటే బాగుండేది, వీధి మలుపులో నా పోటీదారు దగ్గరికి కూడా వెళ్ళాను, ఇరవై ఏళ్ళుగా ఎదురుపడితే చూపు తిప్పుకునే మనుషులం, ఆయన బల్ల మీద ఆయన టేపూ నా టేపూ పక్కపక్కన పడుకోబెట్టాం, అవీ సమానమే, ఆయన నా భుజం తట్టి "వయసు మీద పడుతోంది కదా, అప్పుడప్పుడూ జరుగుతుందిలే" అన్నాడు సానుభూతిగా, ఆ సానుభూతికి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. పిల్ల చిక్కింది అన్న మాట నాకు తట్టలేదా అంటే తట్టింది, అన్నాను కూడా, కాని షాపుకి వచ్చిన ప్రతివాళ్ళూ దానికొక కారణం చెప్పి నా నోరు మూశారు, ఎదిగే వయసు, పొడుగు సాగుతోంది అన్నారొకరు, పరీక్షల బెంగ అన్నారొకరు, ఈ కాలం పిల్లలకి సన్నబడాలనే పిచ్చి అన్నారు ఇంకొకరు, మా ఆవిడ గొంతు తగ్గించి "మనసులో ఎవరినో పెట్టుకుంది" అంది. టీచరు ఒక్కతే "తిండి మానేస్తే కదా చిక్కడానికి? నాకంటే రెట్టింపు తింటోంది, తిన్న అరగంటకి మళ్ళీ ఆకలంటోంది" అంది. రెట్టింపు తింటూ సగం అవుతోందంటే లెక్క ఎక్కడో తప్పిందని లెక్కల టీచరుకీ అనిపించలేదు, కొలతల మనిషిని నాకూ అనిపించలేదు, ఇద్దరం కలిసి టేపు మీద పడ్డాం.

ఆ బాత్రూము గొడవ ఒకటి. బడి నుంచి వచ్చేటప్పుడు పుస్తకాల సంచి మా షాపు గుమ్మంలో పడేసి సరాసరి వెనక మా బాత్రూములోకి పరిగెత్తేది. పైకి ఇరవై రెండు మెట్లు, అంతసేపు ఆగలేకపోయేది. మా ఆవిడ "పైన సొంతది పెట్టుకుని మనదాంట్లో దూరుతుందేమిటి, మనదేమన్నా పాలరాతిదా?" అనేది. వచ్చి నీళ్ళు తాగేది, తాగి మళ్ళీ వెళ్ళేది. నోట్లోంచి మగ్గిన పళ్ళ వాసన వచ్చేది, చూయింగుగమ్ అనుకున్నాను, లాయరమ్మా, క్లాసులో నములుతున్నావా అని అడిగాను కూడా, "లేదు మామయ్యా" అంది, అంతే, సాక్ష్యాలు లేవు, వాదన లేదు. ఇవన్నీ ఇప్పుడు వరసలో పెడుతుంటే పువ్వుల గుడ్డ అతుకు దగ్గర పువ్వుకి పువ్వు కలిసినట్టు కలుస్తున్నాయి. అప్పుడు మాత్రం ఏ ముక్కకి ఆ ముక్క విడిగా పడి ఉంది, దాహం ఒక పక్క, బాత్రూము ఒక పక్క, స్కర్టు ఒక పక్క, పళ్ళ వాసన ఒక పక్క.

ఇవాళ పొద్దున్న స్కర్టు ఊడిపోయింది. బడిలో వరస కట్టి నిలబడ్డ చోట, మూడొందల మంది ముందు, పెట్టుకున్న పిన్నీసు విడిపోయి. లోపల పొట్టి లాగు ఉంది కాబట్టి సరిపోయింది. అక్కడినుంచి టీచరు పిల్లని తీసుకుని సరాసరి షాపుకే వచ్చింది, స్కర్టు నా బల్ల మీద పరిచి, "ఏవయ్యా, ఇరవై ఏడు ఎక్కడ, ఇరవై నాలుగున్న పిల్ల ఎక్కడ? మూడంగుళాలు! ఇది స్కర్టా, గోనెసంచా?" అంది. నాకూ తిక్క రేగింది. "టీచరుగారూ, నా టేపు తప్పని తేలితే ఇక జన్మలో కత్తెర ముట్టను. మూడో ఇంట్లో పిల్లల డాక్టరమ్మ ఉంది, పదండి, బరువు తూయిద్దాం. నాది తప్పో మీ పిల్లది తప్పో అక్కడే తేలిపోతుంది" అన్నాను. "పదండి!" అంది. మా ఇద్దరి మధ్యలో లాయరమ్మ "అమ్మా, కాసేపు కూర్చుంటానే" అని బట్ట పేలికల మీద కూలబడింది, ఆ మాట ఇప్పుడు నా చెవిలో తిరుగుతోంది, అప్పుడు మేమిద్దరం గెలవడంలో ఉన్నాం, చెరో రెక్కా పట్టుకుని నడిపించుకుపోయాం. బడి ఆరోగ్య కార్డులో మొదట్లో రాసిన బరువు నలభై నాలుగు కిలోలు. డాక్టరమ్మ మిషను మీద ముప్ఫై ఏడున్నర. నేను రెండు చేతులూ పైకెత్తి "చూశారా! నేను చెప్పలా!" అని అరిచాను, నిజంగా అరిచాను, అక్కడ ఒళ్ళో నిద్రపోతున్న పసిపిల్ల ఒకతె లేచి ఏడుపు మొదలెట్టింది. నా ముప్ఫై ఏళ్ళ పరువు ఆ ముల్లు మీద నిలబడింది. అప్పుడు డాక్టరమ్మ మొహం చూశాను. ఆవిడ నా విజయోత్సవంలో కలవలేదు. పిల్ల నోటి దగ్గరికి వంగి వాసన చూసింది, "నీళ్ళు ఎక్కువ తాగుతున్నావా తల్లీ? మాటిమాటికీ బాత్రూముకి వెళ్తున్నావా?" అని అడిగి, వేలు పొడిచి రక్తపు చుక్క చిన్న మిషనుకి తాకించింది. అందులో అంకె రాలేదు, హెచ్, ఐ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

"హాయ్ అంటోందేమిటండీ, పలకరిస్తోందా?" అన్నాను, ఇంకా గెలిచిన ఊపులోనే ఉన్నాను కదా. "పలకరింపు కాదండీ. హై అని. షుగరు దాని అంకెలు దాటిపోయింది" అంది డాక్టరమ్మ. నా టేపులో అరవై అంగుళాలుంటాయి. టేపు అయిపోయినా మనిషి అయిపోకపోవడం ఎలా ఉంటుందో ఆలోచించాను. టీచరు ఊరుకుంటుందా, "మా రెండు వైపులా ఎవరికీ షుగరు లేదు. దానికి పదమూడేళ్ళు. అది పెద్దవాళ్ళ జబ్బు. మీ మిషను తప్పు, మళ్ళీ కొలవండి" అంది, అదే గొంతు, నాతో మాట్లాడే గొంతే. డాక్టరమ్మకి కోపం రాలేదు, ఇంకో వేలు పొడిచి మళ్ళీ కొలిచింది, మళ్ళీ హెచ్, ఐ. ఈ ఓర్పు నాకెందుకు లేదా అని చూస్తూ నిలబడ్డాను. అంతలోనే ఆవిడ తన కారులో మమ్మల్ని ఎక్కించేసింది, ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూనే చెప్పింది, పిల్లలకీ వస్తుంది, పాలుతాగే పిల్లలకి కూడా వస్తుంది, తీపి తిన్నందుకు రాదు, తల్లి చూసుకోనందుకు రాదు, ఒకరినుంచి ఒకరికి అంటదు, ఇన్సులిన్ తయారుచేసే చోటుని ఒళ్ళే పొరపాటున పాడుచేసుకుంటుంది, ఇన్సులిన్ లేకపోతే తిన్నది రక్తంలోనే ఉండిపోతుంది గాని ఒంటికి పట్టదు, అప్పుడు ఒళ్ళు తన కండని తనే కరిగించుకుంటుంది అని. నాకు నా భాషలో అర్థమైంది, షాపునిండా తానులు తానులుగా గుడ్డ ఉంది, కత్తెర లేదు, ఒంటిమీద బట్ట చినుగుతోంది. వెనక సీటులో లాయరమ్మ తల నా భుజాన ఉంది. ఊపిరి ఎగబోస్తోంది. తల ఏ బరువూ లేనట్టుంది.

నర్సు వచ్చింది. అట్టకి బిగించిన కాగితం, చెవి మీద పెన్ను, నా సుద్దలాగే. టీచరు లేచి నిలబడింది, నేనూ లేచాను, ప్యాంటు కింద పడింది, తీశాను. "సెలైను ఎక్కుతోందమ్మా, పిల్ల తెలివిలోనే ఉంది. కొన్ని ప్రశ్నలు అడగాలి" అంది. ఎన్నాళ్ళ నుంచి దాహం, ఎన్నాళ్ళ నుంచి నీరసం, వాంతులయ్యాయా, టీచరు క్లాసులో అప్పగించినట్టు ఠకఠకా చెబుతోంది. "ఈ మధ్య నిద్రలో పక్క తడుపుతోందా?" అని అడిగింది నర్సు. "పదమూడేళ్ళ పిల్లండీ! మూడో ఏటే మానేసింది" అంది టీచరు, ఇంచుమించు కోప్పడింది. నర్సు పెన్ను కాగితం మీదికి దిగుతోంది. లేదు అని రాయబోతోంది. నేను ప్యాంటు భుజాన సరిచేసుకుని ఒక అడుగు ముందుకి వేశాను.

ఎందుకంటే నెల కింద ఒక సాయంత్రం లాయరమ్మ ఒక్కతే షాపుకి వచ్చింది, మా ఆవిడ లేని సమయం చూసి. "మామయ్యా, ప్లాస్టిక్ గుడ్డ కుడతారా? మూడడుగులు వెడల్పు, ఆరడుగులు పొడుగు, నాలుగు మూలలా ఎలాస్టిక్" అంది. ఎందుకమ్మా అంటే "స్కూలు ప్రాజెక్టు" అంది. ఏ ప్రాజెక్టు అంటే కాసేపు గోడ వంక చూసి "వర్షపాతం" అంది. అమ్మకి చెప్పద్దని ఒట్టు వేయించుకుంది. మూడో మూల ఎలాస్టిక్ వేస్తుండగా నాకు తెలిసిపోయింది, మూడు బై ఆరు అంటే వర్షపాతం కాదు, పరుపు. నోరెత్తలేదు. మా వృత్తిలో అది నియమం, ఎవరి భుజాల్లో దూది ఉందో, ఎవరి పొట్ట ఎన్ని మడతల కింద దాక్కుందో, ఎవరు ఏ కొలత తగ్గించి రాయమన్నారో, అన్నీ ఈ మెడలోని టేపుకి తెలుసు, ఒక్కటీ బయటికి పోదు, ఊళ్ళో సగం మంది తలెత్తుకు తిరుగుతున్నారంటే నేను నోరు మూసుకున్నందుకే. చెబితే ఆ పిల్ల మళ్ళీ నా మొహం చూడదు. చెప్పకపోతే కాగితం మీద లేదు అని పడుతుంది. పెన్ను ఆనింది.

"తడుపుతోంది" అన్నాను.

టీచరు మెల్లగా నా వైపు తిరిగింది. "మీకెలా తెలుసు?"

"నేను... వర్షపాతం కుట్టాను" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు, తర్వాత విడమరిచి చెప్పాను, మూలలూ ఎలాస్టిక్కూ ఒట్టూ అన్నీ. నర్సు మాత్రం ఎన్ని వందల సార్లు విందో, కనుబొమ్మ కూడా కదపలేదు, "నెల పైనే" అని రాసుకుంది. "చెప్పి మంచిపని చేశారు. సిగ్గుపడాల్సింది కాదమ్మా, లక్షణం. షుగరు ఎక్కువైతే ఒంట్లో నీళ్ళని లాగి బయటికి పంపేస్తుంది, పిల్ల ఏం చేస్తుంది" అని తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. ఇక మొదలైంది. "నెల రోజులు! తెలిసి ఊరుకున్నారా? పక్కింటి కుక్కకి జ్వరమొస్తే చెబుతారే, నా పిల్ల గురించి చెప్పరా?" నేను తల వంచుకుని అన్నీ తిన్నాను, ఈసారి కొలత సరిగ్గా ఉంది, ఒక్క అంగుళం కూడా తగ్గించమనను. తిడుతూ తిడుతూ ఆవిడ గొంతు ఆగింది. సంచిలోంచి స్కర్టు తీసి నడుంపట్టీని రెండు చేతులా సాగదీసి చూసింది. "రోజూ చూస్తున్నాను అన్నయ్యా. జడ వేస్తాను, అన్నం పెడతాను. మూడంగుళాలు. నాకెలా కనపడలేదు?" అంది.

"రోజూ చూసేవాళ్ళకి కనపడదమ్మా. నాకు కనపడింది, నేనేం చేశాను? టేపు తీసుకుని ఊరంతా తిరిగాను" అన్నాను. ఇద్దరం కూర్చున్నాం. మధ్యలో సంచి లేదు, ఎప్పుడు జరిగామో తెలియదు. ఫోను మోగింది, వాళ్ళాయన, ఏదో స్టేషనులో రైలు ఆగినట్టుంది. ఆవిడ గొంతు సవరించుకుని "దానికి షుగరంట... అవును, పిల్లలకీ వస్తుందంట... నేనూ నమ్మలేదు, రెండుసార్లు కొలిపించాను. ఇంజక్షన్లతో మామూలుగా ఉంటుందంట. ఏడవకండి. ముందు సిగ్నలు చూసుకోండి, వెనక వెయ్యి మంది ఉన్నారు" అంది. పెట్టేశాక తనే ఏడ్చింది. నా దగ్గర రుమాలు లేదు, ప్యాంటు కాలు ఇచ్చాను, కుట్టని కాలు.

పెద్ద డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు, ప్రమాదం గట్టు దాకా వెళ్ళింది, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే స్పృహ తప్పేది, ఇప్పుడు దారిలో పడుతోంది, నాలుగైదు రోజులు ఇక్కడే ఉంచుతాం, ఇన్సులిన్ ఎలా ఇవ్వాలో తల్లికీ పిల్లకీ నేర్పుతాం, ఆడుకోవచ్చు, చదువుకోవచ్చు, పరుగెత్తచ్చు, ఇంజక్షను మాత్రం మానకూడదు. టీచరు లోపలికి వెళ్ళి ఐదు నిమిషాల్లో బయటికి వచ్చింది. "మిమ్మల్ని పిలుస్తోంది. నాతో ఏమీ మాట్లాడటం లేదు" అంది. శిక్ష వినడానికి వెళ్ళేవాడిలా వెళ్ళాను.

మంచం తెల్లగా, పిల్ల ఇంకా తెల్లగా. పెదాలు ఎండిపోయాయి, కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

"చెప్పేశారు కదా" అంది.

"చెప్పేశాను."

"ఒట్టు వేశారు."

"వేశాను. తప్పాను. ఏం చేస్తావో చెయ్యి."

"అమ్మ తిట్టిందా?"

"నన్ను. నిన్ను కాదు."

"నేనే ఉతుక్కునేదాన్ని, అమ్మ లేవకముందే. నా బుర్ర పాడైపోయి చిన్నపిల్లనైపోతున్నానేమో అనుకున్నాను. ఎవరికన్నా చెబితే బడిలో తెలిసిపోతుందని..." ఆగింది. "డాక్టరు చెప్పాడు. రోజుకి నాలుగు ఇంజక్షన్లంట. ఎప్పటికీనంట."

నేను పక్కన సెలైను సరిచేస్తున్న నర్సు వంక చూశాను. పిల్ల కూడా నర్సు వంకే చూస్తోంది. "అక్కా, ఆ ఇంజక్షన్లు చేయించుకుంటే ఇక పక్క తడవదా?"

"తడవదు. షుగరు దిగగానే ఆగిపోతుంది."

"ఖాయంగా?"

"ఖాయంగా."

"అయితే నాలుగేం, నలభై పొడవండి" అంది లాయరమ్మ, దిండు మీద తల వాల్చేసి, ఎన్నో నెలల తర్వాత సెలవు దొరికిన మనిషిలా ఒక్క ఊపిరి వదిలింది.

నేను బయటికొచ్చి టీచరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇవాళ ఒక రహస్యం పోయాక ఇంకోటి దాచి ప్రయోజనమేముంది. ఆవిడ "నలభై" అనే మాట దగ్గర నవ్వబోయి, నవ్వలేక, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది, ఒక్కసారే చూడాలన్న నియమం ఉందని నర్సు అంటున్నా వినిపించుకోలేదు. లోపల నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తలుపు ఇవతలికి తేడా తెలియలేదు. నర్సు కూడా నిలబడి కాసేపు విని, బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది, కాళ్ళు నొప్పులు కాబోలు, చెప్పులు విడిచి పాదాలు చాపుకుంది. కాగితం తీసి "మీ పేరు కూడా రాయాలి, మీరు పిల్లకి ఏమవుతారు? తండ్రి కాదు కదా?" అని అడిగింది.

"కాదు. ఆయన రైలు మీద ఉన్నాడు."

"మేనమామా?"

"కాదండీ."

"మీ ఇంట్లో పిల్లలు?"

"లేరు" అన్నాను.

"మరి ఈ పిల్ల మీకేమవుతుంది?"

"పై అంతస్తు" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, అదే రాసుకుంది.